గిటార్ డీఐ రికార్డింగ్‌లో సౌండ్ పగులుతోందా? ముందు ఎక్కడ పగులుతోందో పట్టుకోండి

గిటార్‌ని నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌కి పెట్టి రికార్డు చేసినప్పుడు (దీన్నే డీఐ అంటారు) సౌండ్ పగిలితే చాలామంది ముందుగా సాఫ్ట్‌వేర్‌లో ఫేడర్ దించుతారు. దాంతో పగిలిన సౌండే కాస్త మెల్లగా వినిపిస్తుంది, అంతే. పికప్ నుంచి స్పీకర్ దాకా ఉన్న దారిలో సిగ్నల్ ఎక్కడ దెబ్బతిందో తెలియకుండా ఏ నాబ్ తిప్పినా లాభం లేదు. అది తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు.

ట్రాక్ మీదున్న ఆంప్ సిమ్యులేటర్ (ఆంప్‌ని అనుకరించే ప్లగిన్), కంప్రెసర్, ఈక్యూ అన్నీ బైపాస్ చేయండి. పెడల్స్ తీసేసి, గిటార్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య ఒక్క కేబుల్ మాత్రమే ఉంచండి. గిటార్ వాల్యూమ్, టోన్ రెండూ పూర్తిగా తెరిచి, బ్రిడ్జ్ పికప్ మీద, పాటలో వాయించేంత గట్టిగానే అరనిమిషం కొట్టి రికార్డు చేయండి. మెల్లగా వాయిస్తే ఈ పరీక్షకి అర్థం లేదు. తర్వాత క్లిప్‌లో అన్నిటికన్నా ఎత్తైన చోటుకి వెళ్లి, తరంగాలు ఒక్కొక్కటిగా కనిపించేదాకా జూమ్ చేయండి.

తరంగాల కొనలు గుండ్రంగానో మొనదేలో ఉంటే మంచిదే. కత్తితో కోసినట్టు చదునుగా ఉంటే అది క్లిప్పింగ్. ఆ చదును ఏ ఎత్తులో ఉందన్నదే అసలు ఆధారం. సరిగ్గా 0 డీబీ గీత దగ్గర తెగిందంటే కన్వర్టర్ (సిగ్నల్‌ని అంకెలుగా మార్చే భాగం) నిండిపోయింది, గెయిన్ (ఇంటర్‌ఫేస్ సిగ్నల్‌ని పెంచే మోతాదు) ఎక్కువైంది. మీటర్ ఎర్రబడకుండానే మైనస్ 6 దగ్గరో మైనస్ 10 దగ్గరో తెగిందంటే, సిగ్నల్ కన్వర్టర్‌కి చేరకముందే తెగింది. అంటే గిటార్‌లోపలి ప్రీఆంప్‌నో, ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్ తొలి దశనో అనుమానించాలి. కొనలు బాగుండి, విన్నా శుభ్రంగా ఉంటే రికార్డింగ్‌లో తప్పు లేదు. ప్లగిన్‌లోనో ప్లేబ్యాక్‌లోనో వెతకాలి.

గెయిన్, ఇన్‌పుట్ ఎంపిక

ఇంటర్‌ఫేస్ మీద ఇన్‌స్ట్ (INST) లేదా హై-జీ (Hi-Z) అనే బటన్ ఉంటే అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. మామూలు పాసివ్ (బ్యాటరీ లేని) పికప్‌కి ఎదురుగా సుమారు 1 మెగాఓమ్ ఇంపీడెన్స్ ఉన్న ఇన్‌పుట్ ఉండాలి. లైన్ ఇన్‌పుట్‌లో ఇది పది, ఇరవై కిలోఓమ్‌ల దగ్గరే ఉంటుంది. అందులో పెడితే పై ఫ్రీక్వెన్సీలు పోయి సౌండ్ మూగబోతుంది, లెవెల్ పడిపోతుంది. దాన్ని కప్పిపుచ్చడానికి గెయిన్ పెంచితే కింద ఉన్న గరగర కూడా లేస్తుంది. ఆంప్ స్పీకర్ అవుట్‌పుట్‌ని మాత్రం ఎప్పుడూ ఇంటర్‌ఫేస్‌కి పెట్టకండి; ఇంటర్‌ఫేస్ కాలిపోవచ్చు.

గెయిన్‌ని మీ అత్యంత గట్టి స్ట్రమ్‌కి పీక్ మైనస్ 12, మైనస్ 10 మధ్య ఉండేలా పెట్టండి. పామ్ మ్యూట్స్ (అరచేత్తో తీగలు అణచి కొట్టే నోట్లు) చెవికి చిన్నగా వినిపించినా వాటి మొదటి దెబ్బ మీటర్‌లో ఎత్తుగా పడుతుంది, అవి కూడా వాయించి చూడండి. 24 బిట్‌లో రికార్డు చేస్తుంటే లెవెల్ తక్కువైందని బెంగపడక్కర్లేదు. ఎరుపు అంచు దాకా పెంచే అలవాటు టేపుల కాలానిది.

గెయిన్ పూర్తిగా తగ్గించినా తెగుతోందా? హై అవుట్‌పుట్ హంబకర్లతో (రెండు కాయిల్స్ ఉన్న పికప్‌లతో) ఇది జరుగుతుంది. కొన్ని ఇంటర్‌ఫేస్‌ల ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ అంత వోల్టేజీ తట్టుకోలేదు. సిగ్నల్‌ని తగ్గించే ప్యాడ్ బటన్ ఉంటే నొక్కండి. లేకపోతే పికప్‌ని కిందికి దించండి. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకుని, తీగ అడుగు నుంచి పికప్ పోల్ దాకా కొలవండి: లావు తీగ వైపు సుమారు 2.4 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు 1.6 అనేది హంబకర్‌కి మంచి ఆరంభం. అక్కడి నుంచి స్క్రూని అరచుట్టు చొప్పున తిప్పుతూ వినండి. గిటార్ వాల్యూమ్ తగ్గించినా క్లిప్పింగ్ ఆగుతుంది గానీ దాంతోపాటు ట్రెబుల్ కొంత పోతుంది, అందుకే పికప్ దించడమే మేలు. ప్యాడ్ ఉన్న ఆక్టివ్ డీఐ బాక్స్ కొని మైక్ ఇన్‌పుట్‌కి వెళ్లడం ఇంకో దారి.

బ్యాటరీ

ఆక్టివ్ (బ్యాటరీతో నడిచే) పికప్‌లున్న గిటార్‌లో మీటర్ తక్కువగా ఉండి కూడా సౌండ్ చితికితే ముందుగా 9 వోల్టుల బ్యాటరీ మార్చండి. కొత్త ఆల్కలైన్ బ్యాటరీ మల్టీమీటర్‌లో 9 వోల్టుల పైనే చూపిస్తుంది. 8 కిందికి దిగితే ఇక నమ్మకండి. గట్టి స్ట్రమ్స్ నలగడం, నోటు తోక తునకలుగా తెగిపోవడం దీని గుర్తులు. చాలా ఆక్టివ్ గిటార్లలో కేబుల్ గుచ్చితేనే బ్యాటరీ ఆన్ అవుతుంది. రాత్రంతా గుచ్చి వదిలేస్తే అది అలా కరిగిపోతూనే ఉంటుంది. అదే కారణంగా స్టీరియో జాక్ ఉన్న కేబుల్ వాడితే సౌండే రాకపోవచ్చు, మామూలు మోనో కేబుల్ పెట్టండి.

చిటపటలు వేరే జబ్బు

ఎంత మెల్లగా వాయించినా అప్పుడప్పుడు చిట్‌మంటుంటే అది క్లిప్పింగ్ కాదు. సాఫ్ట్‌వేర్ ఆడియో సెట్టింగ్స్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి తీసుకునే ఆడియో ముక్క) 64 నుంచి 256 శాంపిల్స్‌కి పెంచండి. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఆసియో డ్రైవర్ వాడండి. ప్రాజెక్ట్, ఇంటర్‌ఫేస్ రెండూ ఒకే శాంపిల్ రేటులో, 44.1 అయితే 44.1, 48 అయితే 48లో ఉన్నాయో చూడండి. కేబుల్‌ని జాక్ దగ్గర కదిలిస్తే చిటపట మారితే లోపం సోల్డర్‌లోనో జాక్‌లోనో ఉన్నట్టే.

డీఐ శుభ్రంగా ఉండి, ఆంప్ పెడితే చెడితే

డిస్టార్షన్ తేనెటీగల మోతలా సన్నగా గీరుతోందంటే క్యాబినెట్ సిమ్యులేషన్ (గిటార్ స్పీకర్ పెట్టెని అనుకరించే భాగం) ఆఫ్‌లో ఉండి ఉంటుంది, ఆన్ చేయండి. నిజమైన గిటార్ స్పీకర్ దాదాపు 5 కిలోహెర్ట్జ్ దాటిన సౌండ్‌ని బాగా తగ్గించేస్తుంది. ఆ పని చేసేవాళ్లు లేకపోతే మంచి ఆంప్ మోడల్ కూడా చెవిని కొరుకుతుంది. డిస్టార్షన్ పెడల్‌ని నేరుగా ఇంటర్‌ఫేస్‌కి పెట్టినవాళ్లకీ ఇదే మందు. క్లీన్ ప్రీసెట్ కూడా మురికిగా వస్తుంటే ప్లగిన్ ఇన్‌పుట్ ట్రిమ్‌ని 6 డీబీ దించి చూడండి. మాస్టర్ మీటర్ 0 దాటుతోందేమో కూడా గమనించండి.

హై గెయిన్‌లో బర్రుమనే మోత ఎక్కువైతే ఒకసారి సీలింగ్ ఫ్యాన్‌ని రెగ్యులేటర్‌తో సహా ఆపండి, లాప్‌టాప్ చార్జర్ తీసేయండి. తేడా వినిపిస్తే దోషి దొరికినట్టే.

ఇప్పటికే క్లిప్ అయిన టేక్‌ని ఉంచుకోవాలా వద్దా అన్నది భాగాన్ని బట్టి ఉంటుంది. మెటల్ రిథమ్‌లో ఎక్కడో రెండు మూడు కొనలు తెగితే ఆంప్ డిస్టార్షన్ కింద అది వినపడదు, వదిలేయవచ్చు. క్లీన్ ఆర్పెజియోలో మాత్రం తెగిన కొనలు సరిచేసే డీక్లిప్ ప్లగిన్లతో కుస్తీ పట్టేకన్నా గెయిన్ సరిచేసి మళ్లీ వాయించడమే త్వరగా తేలే పని.