పోటీల నుంచి శిక్షణ వైపు: ఫిగర్ స్కేటర్లకు కొన్ని సూచనలు

పోటీలకు స్వస్తి చెప్పి శిక్షకులు కావాలనుకునే ఫిగర్ స్కేటర్లు (బ్లేడు బూట్లతో మంచుపై జారుతూ విన్యాసాలు చేసే క్రీడాకారులు), వెంటనే సొంతంగా విద్యార్థులను చేర్చుకోకుండా, అనుభవమున్న శిక్షకుని వద్ద కొంతకాలం సహాయకులుగా పనిచేయడం మేలు. శిక్షకుల అర్హతకు మీ దేశ సమాఖ్య పెట్టిన నిబంధనలను ముందే తెలుసుకోండి.

అసలు కష్టం, ఏళ్ల సాధనతో శరీరానికి అలవాటైపోయిన కదలికను మాటల్లో విడమరచి చెప్పడంలో ఉంది. ఉదాహరణకు లట్జ్ అనే జంప్‌లో స్కేటర్ వెనక్కి జారుతూ, బ్లేడు బయటి అంచు మీద నుంచే పైకి లేవాలి. చివరి క్షణంలో పాదం లోపలి అంచుకు ఒరిగితే అది ఫ్లిప్ అనే మరో జంప్‌ను పోలిపోతుంది, మార్కులు తగ్గుతాయి. కాబట్టి విద్యార్థి గాలిలో ఎలా తిరుగుతున్నాడన్న దానికన్నా ముందు, మంచును వదిలేటప్పుడు అతని చీలమండ ఎటు వాలుతోందో గమనించండి. శిక్షకుని పనితనం తెలిసేది ఇక్కడేనని నా నమ్మకం.

1984, 1988 ఒలింపిక్స్‌లలో రజతాలు గెలిచిన కెనడా స్కేటర్ బ్రయాన్ ఆర్సర్, శిక్షకుడిగా దక్షిణ కొరియా స్కేటర్ యునా కిమ్‌ను 2010లోనూ, జపాన్ స్కేటర్ యుజురు హన్యూను 2014, 2018లలోనూ ఒలింపిక్ స్వర్ణం దాకా నడిపించారు. ఆ ఇద్దరి శైలులూ వేర్వేరు. మీరూ మీ శైలిని విద్యార్థులపై రుద్దకండి.

పోటీ రోజున కొత్త సూచనలేవీ ఇవ్వకుండా, అప్పటికే సాధన చేయించిన ఒకటి రెండు అంశాలను మాత్రమే గుర్తుచేయండి.