మిద్దె మీది చెక్క నేలకు మెరుపు తెచ్చే ముందు

మా నెల్లూరు వైపు కొన్ని పాత మిద్దె ఇళ్లలో పైగది నేలకు టేకు పలకలే. వాటిని పాలిష్ చేసే ముందు ఇవి చూసుకోండి.

- అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. తేమ పీల్చిన చెక్క మీద వార్నిష్ తెల్లగా పాలిపోతుంది. ఫిబ్రవరి, మార్చి మేలు.

- గోడవారన పలకల్ని స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి. మెత్తగా దిగిపోతే చెదలు పట్టిందేమో చూసి, ముందు ఆ పలక మార్పించండి.

- పైకి లేచిన మేకుల్ని లోపలికి దిగ్గొట్టాకే ఉప్పుకాగితం పట్టండి. 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 120, తర్వాత 220 (నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు). ఎప్పుడూ చెక్క చారల వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీతలు అప్పుడు కనపడవు, పాలిష్ పడ్డాక బయటపడతాయి.

- పాత పెయింటులో సీసం ఉండొచ్చు. పొడిగా గీకొద్దు, పిల్లల్ని రానివ్వొద్దు.

- అన్నిటికన్నా నాకు టెన్షన్ చెక్కకు అవిసె నూనె పట్టించిన గుడ్డలతోనే. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. కుప్పగా పడేసిన గుడ్డలు అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటాయి. ఒకసారి మూలన ఉండచుట్టిన గుడ్డ ముట్టుకుంటే, దించిన దోసె పెనంలా ఉంది. అప్పటినుంచి పక్కనే నీళ్ల బకెట్ పెట్టుకుని, వాడిన గుడ్డను వాడినట్టే అందులో ముంచేస్తున్నాను.

- వార్నిష్ పలచన చేసే టర్పెంటైన్ ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది. డబ్బా మూత తీసేముందు కిటికీలు తెరవండి, దేవుడి దగ్గర దీపం కొండెక్కించండి.