చిత్రానువాదం (స్క్రీన్‌ప్లే) నేర్చుకుందాం – 5వ పాఠం: ఊళ్లో లేని తండ్రిని తెరమీదికి తేవడం

గత పాఠంలో ఏడేళ్ల పిల్లవాడి కళ్లతో ఒక ఇంటిని చూపడం సాధన చేశాము. ఇప్పుడు అదే ఇంట్లోకి, అక్కడ లేని తండ్రిని తీసుకురావాలి. ఎదిగే పిల్లల మీద రాసే హాస్య కథల్లో నాకు తెలిసినంతలో ఇదే అన్నిటికన్నా కష్టమైన పని. కొత్తగా రాసేవారు సాధారణంగా గోడకు తండ్రి ఫొటో తగిలించి, పిల్లవాణ్ణి దాని ముందు నిలబెట్టి, వెనుక తల్లి చేత కన్నీళ్లు పెట్టిస్తారు. గోడమీద ఫొటో అనగానే మన ప్రేక్షకుడికి దండ గుర్తొస్తుంది. పైగా ఆ ఫొటో పిల్లవాడికి చేయడానికి ఏ పనీ ఇవ్వదు, పని లేనిచోట హాస్యం పుట్టదు. అందువల్ల తండ్రికి బదులుగా పిల్లవాడు చేత్తో పట్టుకోగలిగిన, వాడుకోగలిగిన, చివరికి పాడుచేయగలిగిన ఒక వస్తువును వెతకండి.

మన కథను 1990లలో జగిత్యాల దగ్గరి ఒక పల్లెలో పెడదాము. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో నిర్మాణ పనులు ఊపందుకున్నాయి. తర్వాతి ఏళ్లలో కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి ఎందరో కూలికి అక్కడికి వెళ్లారు. మనిషి మస్కట్‌లో ఉన్నా, షార్జాలో ఉన్నా ఊళ్లో వినబడేది "దుబాయి పోయిండు" అనే మాటే. ఇంట్లో ఫోను లేని రోజులు కనుక, కొందరు తమ గొంతును క్యాసెట్‌లో రికార్డు చేసి, సెలవు మీద ఊరికి వస్తున్నవారి చేతికిచ్చి పంపేవారు. ఆ క్యాసెట్టే మన వస్తువు. (కథను కువైట్‌లో, 1990లో పెట్టవద్దని నా సలహా. ఆ ఆగస్టు 2న ఇరాక్ సైన్యం అక్కడ అడుగుపెట్టింది. అంత పెద్ద సంఘటన వచ్చిందంటే పిల్లవాడు పక్కకు జరిగిపోతాడు.)

ఇక సీను చూడండి.

సీను 9 – ఇంటి లోపల – రాత్రి
టేపు రికార్డరు ముందు పిల్లవాడు తల దువ్వుకొని, చేతులు కట్టుకొని కూర్చున్నాడు.
తండ్రి గొంతు: బడికి రోజు పోతున్నవా కొడుకా?
(టేపులో కొంతసేపు నిశ్శబ్దం.)
పిల్లవాడు: పోతున్న బాపు. క్లాసుల ఫస్టు నేనే.
నానమ్మ (వంటింట్లోంచి): అబద్ధమాడకురా, టేపు ఆగిపోతది!
తండ్రి గొంతు: అట్లనే చదువు. వచ్చే దసరాకు వస్త.

ఈ సీనుకు ప్రాణం ఆ నిశ్శబ్దం. ఎక్కడో ఒక గదిలో కూర్చొని, కొడుకు బదులు చెప్పడానికి సరిపడా జాగా వదిలిన తండ్రి ఎలాంటివాడో వేరే డైలాగు లేకుండానే తెలుస్తుంది. అబద్ధానికి "అట్లనే చదువు" అని టేపు బదులివ్వడంతో పిల్లవాడు నానమ్మ వైపు గర్వంగా చూస్తాడు. ప్రేక్షకుడు నవ్వేది అతని తెలివిని చూసి కావాలి. అతని కొరత మీద నవ్వు తెప్పించే మాట ఒక్కటి రాసినా నిర్దాక్షిణ్యంగా కొట్టివేయండి. యాస విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. నవ్వు కోసం యాసను సాగదీయకుండా, ఆ ఊరివారు మాట్లాడినంత మామూలుగా రాయాలి.

పిల్లవాడు ఎదిగాడని చూపడానికి సైకిలు చక్రం తిరుగుతుండగా కాళ్లు పెద్దవైపోయే పాత ఉపాయం మనకు అక్కరలేదు. అదే క్యాసెట్‌ను పదేళ్లప్పుడు, పదమూడేళ్లప్పుడు మళ్లీ పెట్టించండి. మొదటిసారి రెండు పేజీలు తీసుకోవచ్చు. ఒక పేజీ తెరమీద ఇంచుమించు ఒక నిమిషమని లెక్క. రెండోసారి ఒక పేజీ, మూడోసారి పావు పేజీ చాలు.

పదేళ్లవాడికి ఊరికే బదులు చెప్పడం చాలదు, తన బదులు టేపులో ఉండాలనిపిస్తుంది. అయితే భర్త గొంతు చెరిగిపోకూడదని తల్లి ఏనాడో క్యాసెట్ వెనుక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులను విరిచేసింది. అవి లేకపోతే రికార్డు మీట కిందికి దిగదు. పిల్లవాడు ఆ గుంటలో కాగితం కుక్కి మీట నొక్కుతాడు, "క్లాసుల ఫస్టు నేనే బాపు" అంటాడు, ఆపడంలో ఒక క్షణం ఆలస్యం చేస్తాడు. మళ్లీ పెట్టి వింటే తన మాట వెంటనే తండ్రి గొంతు "వస్త" అని మాత్రమే అంటుంది. "అట్లనే చదువు, వచ్చే దసరాకు" అన్న ముక్క చెరిగిపోయింది. టేపులో చెప్పిన ఆ దసరాకు తండ్రి ఎలాగూ రాలేదు. తల్లి తిట్టడానికి నోరు తెరిచి, ఆ ఒక్క మాట విని ఆగిపోతుంది. ఇక్కడ ఆమెకు డైలాగు రాయాలన్న కోరిక మీకు తప్పక కలుగుతుంది, దయచేసి రాయకండి.

పదమూడేళ్లప్పుడు అతను టేపులో తన చిన్ననాటి గొంతును వింటాడు. వన్‌లైన్ ఆర్డర్‌లో, అంటే సీన్లన్నిటినీ వరుసగా క్లుప్తంగా రాసుకునే జాబితాలో, ఈ సీనుకు నేను రాసుకున్నది ఇంతే: "ప్రశ్న వస్తుంది. పాత గొంతు బదులు చెబుతుంది. అబ్బాయి ఏమీ అనడు."

ఈ వారం అభ్యాసం: మీ కథలోని తండ్రికి ఒక వస్తువును ఎంచుకొని, పిల్లవాడు దాన్ని తెలియక పాడుచేసే సీనును ఒక పేజీలో రాయండి. "నాన్న", "బాపు" అనే మాటలను ఆ పేజీలో ఒక్కసారికి మించి వాడవద్దు. తండ్రి పెట్టెతో గుమ్మంలోకి వచ్చి, అదే ప్రశ్నను ఎదురుగా నిలబడి అడిగే సీనును 6వ పాఠంలో రాస్తాము. దానికి ఇవే పేజీలు కావాలి కనుక భద్రంగా ఉంచుకోండి.