సీరియం క్లోరైడ్ పాడవకుండా అందులోని నీటిని ఎలా తీయాలి?

సీసాలో వచ్చే సీరియం క్లోరైడ్ సాధారణంగా ఏడు నీటి అణువులను పట్టుకున్న స్ఫటికం. బరువులో దాదాపు 34 శాతం నీళ్లే. సోడియం బోరోహైడ్రైడ్‌తో మెథనాల్‌లో చేసే లూష్ రిడక్షన్‌కి (కీటోన్‌లను ఆల్కహాల్‌లుగా మార్చే చర్యకి) అది అలాగే సరిపోతుంది, ఆరబెట్టే శ్రమ అక్కర్లేదు. కానీ ఆర్గానోలిథియంతో (కార్బన్‌కి లిథియం అతికిన, నీరు తగిలితే పాడయ్యే రసాయనంతో) పని ఉంటే మాత్రం నీరు పోవాల్సిందే.

నేరుగా పెద్ద మంట మీద పెడితే నీరు ఆవిరై పోవడానికి బదులు ఉప్పుతోనే చర్య జరుపుతుంది. హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెళ్లిపోయి, పనికిరాని ఆక్సీక్లోరైడ్ (ఆక్సిజన్ కూడా చేరిన క్లోరైడ్) మిగులుతుంది. అది తనంతట తాను మళ్లీ క్లోరైడ్‌గా మారదు. అందుకే ఇక్కడ ఓపికే ముఖ్యం. ఇది ఫ్యూమ్ హుడ్, వాక్యూమ్ పంపు ఉన్న ల్యాబ్‌లో, కళ్లద్దాలూ గ్లవ్స్ వేసుకుని చేయాల్సిన పని.

1. ఖాళీ ఫ్లాస్క్ బరువు రాసుకుని, 10 గ్రాముల స్ఫటికాలు వేయండి. పంపుకీ ఫ్లాస్క్‌కీ మధ్య కోల్డ్ ట్రాప్ (ఆవిరిని చల్లబరిచి పట్టుకునే పాత్ర) తప్పనిసరి. లేకపోతే నీరంతా పంపు ఆయిల్‌లోకి పోతుంది.

2. వాక్యూమ్ పెట్టి, ఆయిల్ బాత్‌ను అరగంటలో మెల్లగా 90 డిగ్రీలకు తీసుకెళ్లండి. మధ్యమధ్యలో కుదుపుతూ మరో గంటన్నర 90–100 మధ్యే ఉంచండి. ఎక్కువ నీరు పోయేది ఈ దశలోనే, తొందరపడితే పాడయ్యేదీ ఇక్కడే.

3. గడ్డకట్టినదాన్ని కల్వంలో త్వరగా నూరి, మళ్లీ ఫ్లాస్క్‌లో వేయండి. వాక్యూమ్‌లో కలుపుతూ మెల్లగా 140 డిగ్రీలకు తెచ్చి, రెండు గంటలు ఉంచండి.

4. ఆర్గాన్ నింపి, చల్లారాక తూచండి. నీరంతా పోతే 6.6 గ్రాములు రావాలి. 7.1 దగ్గర ఆగితే అణువుకు ఒక నీటి అణువు ఇంకా ఉన్నట్టు. ఈ పద్ధతిలో చివరి నీటి అణువు మొండిగా మిగలడం మామూలే. 6.6 కంటే తగ్గితే క్లోరిన్ కూడా పోయిందన్నమాట.

బరువు ఒక్కటే నమ్మొద్దు. కొంత నీరు మిగిలి, కొంత ఆక్సీక్లోరైడ్ ఏర్పడినా లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. చిటికెడు పొడి నీళ్లలో వేయండి. క్లోరైడ్ తేటగా కరుగుతుంది, ఆక్సీక్లోరైడ్ కరగక తెల్లగా మడ్డిలా ఉండిపోతుంది.

పరీక్షలో నెగ్గిన పొడిని గాలి తగలనివ్వకండి, వెంటనే తేమ పీల్చుకుంటుంది. ఐస్ బాత్‌లో ఉంచి, ఆర్గాన్ కిందే నీరు లేని టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావణి పోసి, గది వేడిమి దగ్గర రాత్రంతా కలపండి. పాలలాంటి తెల్లని ద్రవం వచ్చాక ఆర్గానోలిథియం చేర్చే పని మొదలుపెట్టవచ్చు.