వానలకు ముందు అల్లాయ్‌లు మారుస్తున్నారా? ముందు ఈటీ నంబరు చూడండి

వానలు పడ్డాక రోడ్డు మీద గుంత కనిపించదు, నీళ్లే కనిపిస్తాయి. అందుకే కారుకు కొత్త అల్లాయ్ చక్రాలు వేయించాలనుకుంటే లెక్కలన్నీ ఇప్పుడే చూసుకోండి. షాపులో అందరూ 15 అంగుళాలా, 16 అంగుళాలా అనే మాట్లాడతారు. సస్పెన్షన్‌ను ఎక్కువగా సతాయించేది మాత్రం రిమ్ మీద అచ్చుపోసి ఉండే ఈటీ నంబరు, అంటే ఆఫ్‌సెట్. చక్రం బిగించే హబ్‌కు రిమ్ ఆనే చోటు, రిమ్ వెడల్పు మధ్య నుంచి ఎన్ని మి.మీ. బయటి వైపు ఉందో చెప్పే లెక్క అది.

ఈటీ తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. పాత రిమ్ 5.5 అంగుళాల వెడల్పు, ఈటీ 45 అనుకుందాం. కొత్తది 7 అంగుళాలు, ఈటీ 30. బయటి అంచు 34 మి.మీ. బయటికొస్తుంది, లోపలి అంచు కూడా 4 మి.మీ. స్ట్రట్ (చక్రం వెనకుండే సస్పెన్షన్ కడ్డీ) వైపు వెళ్తుంది. చూడ్డానికి బండి భలే ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ బేరింగ్ మీద భారం పెరుగుతుంది, ఒక పక్క చక్రం నీళ్లలో పడితే స్టీరింగ్ అటే గుంజుతుంది. నేను పాత బండికి స్పేసర్లు, అంటే ఈటీ తగ్గించినట్టే చక్రాన్ని బయటికి జరిపే బిళ్లలు వేయించాక, 60 దాటితే చాలు, ముందు ఎడమ చక్రం నుంచి ఊఁ అని ఒకటే మోత. టైరు అరిగిందనుకుని టైర్లు మార్చా. స్టీరింగ్ కుడికి తిప్పినప్పుడల్లా మోత పెరుగుతోందని గమనించి, తప్పు బేరింగ్‌దని మెకానిక్ పట్టుకునేసరికి రెండో బిల్లు తయారైంది.

టైరు సైజు సంగతి. 185/65 ఆర్15 నుంచి 195/55 ఆర్16కు వెళ్తే మొత్తం ఎత్తు దాదాపు అంతే, 621 మి.మీ. స్పీడోమీటరుకు ఇబ్బంది లేదు. టైరు పక్కగోడ మాత్రం 120 మి.మీ. నుంచి 107కు తగ్గుతుంది. ఆ 13 మి.మీ. రబ్బరు మింగాల్సిన దెబ్బ రిమ్‌కూ, సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్‌లకూ పోతుంది. 17 అంగుళాలు వద్దనే నా మాట. గాలి వారానికోసారి చూడండి.

బోల్టులు పట్టాయి కదా అని సరిపెట్టుకోకండి. స్విఫ్ట్ హబ్ 54.1 మి.మీ., బయట దొరికే చాలా రిమ్‌ల మధ్య రంధ్రం 73.1. నడుమ రింగ్ వేయకపోతే స్టీరింగ్ వణకొచ్చు. అలైన్‌మెంట్ చేయించి, 100 కిలోమీటర్ల లోపు నట్లు మళ్లీ బిగించండి.

డబ్బు మొత్తం ఇచ్చేముందు నలుగురిని ఎక్కించుకుని స్పీడ్ బ్రేకర్ దాటండి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పండి. తర్వాత టైరు పైనున్న ప్లాస్టిక్ లైనర్ మీద టార్చ్ వేసి చూడండి. దుమ్ము చెరిగి నల్లగా మెరిసే గీత కనిపిస్తే టైరు రాసుకుంటున్నట్టే. మడ్‌గార్డ్ అంచు సుత్తితో మడతపెట్టేస్తామంటారు. ఒప్పుకోకండి, రిమ్‌లు అక్కడే విప్పించేయండి.