ఏజీ బీఎస్సీ ఎలా చదవాలి: మా చెల్లికి చెప్పినవి, చెప్పడం మర్చిపోయినవి

మొన్న రాత్రి మా బాబాయి కూతురు ఫోన్ చేసింది. "అక్కా, ఏజీ బీఎస్సీ సీటొచ్చింది. ఏమేం కొనుక్కెళ్ళాలి?" అని అడిగింది. వెనక నుంచి బాబాయి గొంతు: "అది కాదే, ఎలా చదవాలో అడుగు!" గంటసేపు మాట్లాడినా సగం విషయాలు మర్చిపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నా. మీ ఇంట్లోనూ ఎవరికైనా సీటొస్తే పనికొస్తుంది.

ముందు నా సంగతి. మాది రేపల్లె వైపు డెల్టా, వరి తప్ప ఇంకోటి తెలియని ఊరు. 2014లో చేరి 2018లో బయటికొచ్చాను. ఇప్పుడు పల్నాడులో రైతు సేవా కేంద్రంలో ఉద్యోగం. నేను యావరేజ్ స్టూడెంట్‌ని. టాపర్ల సలహాలు కావాలంటే టాపర్లని అడగండి.

సీటు ఇంకా రాని వాళ్ళకి నాలుగు ముక్కలు. ఈఏపీసెట్ అగ్రికల్చర్ పేపర్‌లో 160 ప్రశ్నలుంటాయి. అందులో 80 బోటనీ, జువాలజీవే. మిగతా 80 ఫిజిక్స్, కెమిస్ట్రీలకి చెరి సగం. బైపీసీ పిల్లలు ఫిజిక్స్‌ని గాలికొదిలేస్తారు, ర్యాంకు అక్కడే జారిపోతుంది. రైతు కుటుంబాల పిల్లలకి 40 శాతం సీట్ల కోటా ఉంది. దానికి భూమి పత్రాలు, పల్లెటూరి బడిలో చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు కావాలి. కౌన్సెలింగ్ ముందు రోజు ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగే కన్నా ఎండాకాలం సెలవుల్లోనే తెచ్చి ఫైల్లో పెట్టుకోండి. టెన్త్ తర్వాత అగ్రికల్చర్ పాలిటెక్నిక్ చేసినవాళ్ళకి అగ్రిసెట్ అనే ఎంట్రన్స్ దారి ఉంది. వేరే రాష్ట్రం వెళ్ళాలనుంటే సీయూఈటీ అనే జాతీయ స్థాయి ఎంట్రన్స్ రాయాలి. ప్రైవేటు కాలేజీ అయితే ఫీజు కట్టే ముందు ఐసీఏఆర్ (జాతీయ వ్యవసాయ పరిశోధన మండలి) అక్రిడిటేషన్, అంటే గుర్తింపు, ఉందో లేదో మీరే చూసుకోండి, ఏజెంటు మాట వినకండి. అది లేకపోతే తర్వాత పీజీ సీట్ల దగ్గర, ఉద్యోగాల దగ్గర ఇబ్బంది పడతారు.

ఇక చదువు. నాలుగేళ్ళు, ఎనిమిది సెమిస్టర్లు. టైమ్ టేబుల్ చూడగానే కళ్ళు తిరుగుతాయి. అగ్రానమీ, సాయిల్ సైన్స్, ఎంటమాలజీ, ప్లాంట్ పాథాలజీ, జెనెటిక్స్, హార్టికల్చర్, ఎకనామిక్స్, ఎక్స్‌టెన్షన్, స్టాటిస్టిక్స్, చివరికి ట్రాక్టర్ ఇంజనూ చెప్తారు. ప్రతి కోర్సు పక్కన 2+1 అనో 1+1 అనో రాసుంటుంది. ప్లస్ ముందుది థియరీ, తర్వాతది ప్రాక్టికల్. ఆ ప్లస్ వన్‌ని తేలిగ్గా తీసుకున్నవాళ్ళ ఓజీపీఏ (అన్ని సెమిస్టర్ల గ్రేడ్ల సగటు) అక్కడే పడిపోతుంది. హాజరు 75 శాతానికి తగ్గితే పరీక్ష రాయనివ్వరు. తెల్లవారుజామున పొలంలో జరిగే ప్రాక్టికల్ కూడా హాజరే.

నేను మొదటి సెమిస్టర్ నుంచే చేసి ఉండాల్సిన పనిని మూడో ఏడాది మొదలుపెట్టాను. అందరికీ ముందు ఇదే చెప్తాను. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని పేజీ మధ్యలో గీత కొట్టండి. ఎడమవైపు పరీక్షకి కావలసింది ఇంగ్లిష్‌లో, కుడివైపు అదే సంగతి రైతు అనే మాటల్లో రాయండి. ఎడమవైపు హెలికోవర్పా ఆర్మిజెరా ఉంటే కుడివైపు శనగపచ్చ పురుగు. స్పోడోప్టెరా లిటురా పక్కన లద్దె పురుగు. వరిలో గాల్ మిడ్జ్ పక్కన ఉల్లికోడు, ఆ పురుగు పట్టిన పిలక ఉల్లాకులా గొట్టం తేలుతుంది కాబట్టి ఆ పేరు. హిస్పాని మన రైతులు తాటాకు తెగులు అంటారు. అది తెగులు కాదు, పురుగు. రైతు 'తెగులు' అనగానే శిలీంద్రనాశిని రాసిచ్చేస్తే మీ పరువు పోతుంది. కుడివైపు గడి నింపడానికి గూగుల్ పెద్దగా పనికిరాదు. యూనివర్సిటీ ఏటా తెచ్చే వ్యవసాయ పంచాంగం కొనుక్కోండి, మీ ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లిష్‌కి భయపడేవాళ్ళకి కూడా ఈ పుస్తకమే మందు. నేనూ తెలుగు మీడియమే. మొదటి మిడ్ టర్మ్‌లో "జెర్మినేషన్" స్పెల్లింగ్ మూడు రకాలుగా రాశాను.

ఆ కుడివైపు గడి విలువ నాకు రావెప్‌లో తెలిసొచ్చింది. రావెప్ అంటే చివరి ఏడాదిలో పల్లెటూళ్ళో ఒక రైతు దగ్గర ఉండి నేర్చుకునే సెమిస్టర్. నన్ను మిరప ఊళ్ళో వేశారు. మా వైపు మిరప అంటే పెరట్లో నాలుగు మొక్కలు, అంతే. రెండో వారం మా రైతు చేలోకి తీసుకెళ్ళి ముడుచుకుపోయిన మొక్క చూపించి "ఏం కొట్టమంటావమ్మా?" అన్నాడు. నేను గడగడా "త్రిప్స్ మావయ్యా" అని, దానికి మందు పేరు కూడా చెప్పేశాను. ఆయన నవ్వి కొమ్మ విరిచి నా చేతిలో పెట్టాడు. "ముందు ఆకు సరిగ్గా చూడు. అంచులు పైకి లేచినాయా, కిందికి దిగినాయా?" కిందికి దిగాయి. ఆకు బోర్లించిన పడవలా ఉంది, కాడ సాగి ఎలుక తోకలా వేలాడుతోంది. "ఇది కింది ముడత. నల్లి. నువ్వు చెప్పింది పై ముడతకి" అన్నాడు. అంచులు పైకి ముడుచుకుని ఆకు పడవలా అయితే పై ముడత, అది తామర పురుగు, అంటే నేను చెప్పిన త్రిప్స్, చేసే పని. ఆ రెండు ప్రాణుల లాటిన్ పేర్లూ నాకు స్పెల్లింగ్‌తో సహా వచ్చు. ఒకటి పురుగు, ఇంకోటి ఎనిమిది కాళ్ళ నల్లి, ఒకదానికి కొట్టే మందు రెండోదానికి పనిచేయకపోవచ్చని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆకు చేతిలోకొచ్చేసరికి ఏదీ గుర్తు రాలేదు. ఆ రాత్రి నోట్‌బుక్‌లో ఆ పేజీ తీసి కుడివైపు పై ముడత, కింది ముడత అని రాసి, పక్కనే రెండు ఆకుల బొమ్మలు గీశాను. తర్వాత 2021లో పూలల్లో చేరే కొత్త తామర పురుగు వచ్చి పల్నాడు తోటలని పీకించేసినప్పుడు, ఫోన్‌లో ఫొటోలు పంపే రైతులందరినీ నేను అడిగిన మొదటి మాట "ఆకు కాదు బాబాయ్, పువ్వు విదిలించి తెల్ల కాగితం మీద చూడు" అని.

లెక్కలకీ ఇదే పద్ధతి. ఎరువుల లెక్క పరీక్షలో తప్పకుండా వస్తుంది. వరికి హెక్టారుకి 120-60-40 ఇచ్చారనుకోండి. అంటే నత్రజని 120 కిలోలు, భాస్వరం 60, పొటాష్ 40. భాస్వరం డీఏపీతో ఇస్తే, అందులో 46 శాతం భాస్వరం కాబట్టి 130 కిలోలు కావాలి. ఆ డీఏపీలోనే 18 శాతం నత్రజని ఉంది, సుమారు 23 కిలోలు దాంతోనే వచ్చేస్తుంది. చాలామంది ఇది తీసేయడం మర్చిపోతారు, మా బ్యాచ్‌లో సగం మంది మర్చిపోయాం. మిగిలిన 97 కిలోలకి 46 శాతం యూరియా అయితే దాదాపు 210 కిలోలు. పొటాష్ ఎరువులో పొటాష్ 60 శాతమే, కాబట్టి 67 కిలోలు. పరీక్ష అక్కడితో అయిపోతుంది, మీరు మాత్రం ఆపకండి. రైతుకి హెక్టారు తెలియదు. రెండున్నరతో భాగించి ఎకరానికి తెండి: డీఏపీ 52, యూరియా 84, పొటాష్ 27 కిలోలు. ఇప్పుడు కట్టల్లోకి. డీఏపీ కట్ట 50 కిలోలు, కాబట్టి ఒకటి. యూరియా కట్ట 45 కిలోలే, కాబట్టి రెండుకి కాస్త తక్కువ. పొటాష్ అరకట్ట. ఇది కుడివైపు గడిలో రాయండి. పురుగుమందులకీ అంతే. లీటరుకి 2 మిల్లీలీటర్లు అని పుస్తకంలో ఉంటుంది, రైతు మాత్రం "ట్యాంకుకి ఎంత?" అని అడుగుతాడు. వాళ్ళ ట్యాంకు ఎన్ని లీటర్లదో ముందు అడగాలి, ఆ తర్వాతే లెక్క. 16 లీటర్లదైతే 32 మిల్లీలీటర్లు.

ఇప్పుడు ఇన్సెక్ట్ బాక్స్. ఎంటమాలజీ ప్రాక్టికల్‌కి పురుగులు పట్టి, సూదులు గుచ్చి, పేర్లు రాసి పెట్టెలో అమర్చి ఇవ్వాలి. రేపు సబ్మిషన్ అనగా ఈ రోజు పురుగులు దొరకవు, సెమిస్టర్ మొదట్లోనే మొదలుపెట్టండి. వానలు పడ్డాక సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య వీధిదీపం కింద తెల్ల దుప్పటి కడితే చాలు, అవే వచ్చి వాలతాయి. పెంకు పురుగుకి సూది నడుమ గుచ్చకూడదు, కుడి రెక్క పెంకు మీద పైభాగంలో గుచ్చాలి. బగ్స్ అనే జాతి (కంపు పురుగుల్లాంటివి) పెద్ద పురుగులకైతే వీపు మీద త్రికోణంలా ఒక భాగం ఉంటుంది, దానిలో గుచ్చాలి. సీతాకోకచిలుకకి ఛాతీ మధ్యలో గుచ్చి, రెక్కలు విప్పి, కాగితం పట్టీలతో బిగించి నాలుగైదు రోజులు ఆరనివ్వాలి. ఆరకముందే తీస్తే రెక్కలు వేలాడిపోతాయి. నేను సంక్రాంతి సెలవుల్లో మా ఊళ్ళో తూనీగల దగ్గర నుంచి పేడపురుగు దాకా నలభై పైన పట్టాను. హాస్టల్‌కి తెచ్చి గర్వంగా మంచం కింద పెట్టాను. వారం తర్వాత తీసి చూస్తే సూదులున్నాయి, లేబుళ్ళున్నాయి, పురుగుల్లేవు. చీమలు ఎత్తుకుపోయాయి. పెట్టె మూలల్లో కలరా ఉండలు పెట్టమని సీనియర్ అక్క చెప్పింది, పది రూపాయలకి బద్ధకించాను. మళ్ళీ పట్టినవి పద్దెనిమిది. ఆ సెమిస్టర్ గ్రేడు గురించి ఎవరూ అడగకండి.

స్పాటింగ్ పరీక్షకి పుస్తకం కన్నా కిరాణా కొట్టు మేలు. టేబుల్ మీద వరుసగా విత్తనాలు, ఎరువులు, కలుపు మొక్కలు పెడతారు. ఒక్కోదాని ముందు ఒక నిమిషం కూడా నిలబడనివ్వరు. రాగులు, ఆవాలు, సజ్జలు, మినుములు, పెసలు, అలసందలు తలా పది రూపాయలవి కొని చిన్న కవర్లలో కట్టుకోండి. రూమ్‌మేట్‌తో పందెం వేసి ఆడితే రెండు రోజుల్లో వచ్చేస్తాయి. కలుపు మొక్కల హెర్బేరియంకి (మొక్కల్ని ఎండబెట్టి అతికించే పుస్తకానికి) తుంగని గడ్డతో సహా పీకి అతికించండి, పైభాగం ఒక్కటే పెడితే అన్ని గడ్డీ ఒకలాగే కనిపిస్తుంది. వయ్యారిభామ పీకేటప్పుడు చేతికి కవరు తొడుక్కోండి, చాలామందికి దురదొస్తుంది.

విత్తన రకాల పేర్లు బట్టీ పట్టేవాళ్ళకి ఒక చిట్కా. ఆ అక్షరాలు ఊరి పేర్లు. బీపీటీ అంటే బాపట్ల, ఎంటీయూ అంటే మారుటేరు, ఆర్ఎన్ఆర్ అంటే రాజేంద్రనగర్, జేజీఎల్ అంటే జగిత్యాల. ఎల్బీజీ అంటే లాం బ్లాక్ గ్రామ్, గుంటూరు దగ్గర లాం ఫారంలో తయారైన మినుము రకం. సాంబ మసూరి బీపీటీ 5204, స్వర్ణ ఎంటీయూ 7029, తెలంగాణ సోనా ఆర్ఎన్ఆర్ 15048. మా నాన్న ఏళ్ళ తరబడి "యాభై రెండు సున్నా నాలుగు" అంటూ నాట్లేస్తున్నాడు, ఆ ముందున్న మూడక్షరాలు మా పక్క ఊరివేనని నేను చెప్పేదాకా తెలియదు. ఆ రోజు మాత్రం ఫీజు కట్టినందుకు తృప్తిపడ్డట్టు కనిపించాడు.

మార్కుల విషయంలో ఒకటే మాట. మొదటి రెండు సెమిస్టర్లలో ఓజీపీఏ పడిపోతే ఎక్కి రావడం కష్టం, సగటు కదా. స్టాటిస్టిక్స్, జెనెటిక్స్‌లో వెనకబడితే సిగ్గుపడకుండా ఎంపీసీ నుంచి వచ్చిన మీ స్నేహితుల తమ్ముడినైనా సరే అడగండి. సీనియర్ల జిరాక్స్ నోట్సులు తీసుకోండి, తప్పు లేదు. నాలుగు చేతులు మారేసరికి వాటిల్లో తప్పులు పేరుకుంటాయి, మోతాదులు మాత్రం పంచాంగంతో సరిచూసుకోండి. పీజీ చేయాలనుంటే మూడో ఏడాది నుంచే ఐసీఏఆర్ పీజీ ఎంట్రన్స్ పాత పేపర్లు పట్టుకోండి. బ్యాంకు వైపు చూసేవాళ్ళకి ఐబీపీఎస్ (బ్యాంకు ఉద్యోగాల పరీక్ష)లో అగ్రికల్చరల్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులుంటాయి, దానికి మన డిగ్రీ పనికొస్తుంది. గవర్నమెంటు ఉద్యోగాల నోటిఫికేషన్ కోసం ఖాళీగా ఎదురుచూస్తూ కూర్చున్న బ్యాచ్‌మేట్లు నాకు తెలుసు. విత్తన కంపెనీలో చేరి, పని చేస్తూనే చదివి తెచ్చుకున్నవాళ్ళూ తెలుసు. రెండోవాళ్ళు నిద్ర తక్కువ పోయారు గానీ టెన్షన్ తక్కువ పడ్డారు.

చివరికి మా చెల్లి అసలు అడిగింది: ఏం కొనుక్కెళ్ళాలి? నిండు చేతుల కాటన్ చొక్కాలు రెండు, టోపీ, బురదలో వేసి కడుక్కోగలిగే చెప్పులు. షూస్ వద్దు, దమ్ము చేసిన మడిలో దిగితే పైకి రావు. పది రెట్లు పెద్దది చేసి చూపించే చిన్న లెన్స్, దారం కట్టి మెడలో వేసుకో. కొడవలి కాలేజీలో ఇస్తారు, చాకు మాత్రం నీదే ఉండాలి. లాంగ్ నోట్‌బుక్కులు రెండు, స్కేలు. కలరా ఉండలు రెండు ప్యాకెట్లు. రెండు.