తరగతికి పీడీఎఫ్‌లు పంచేటప్పుడు కాపీరైట్‌ను పాటించడం ఎలా?

నల్గొండ, మహబూబ్‌నగర్ కళాశాలల్లో పుస్తకం మొత్తాన్ని స్కాన్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మామూలైపోయింది. పిల్లల కోసమే అయినా ఆ పద్ధతి తప్పు. ఫోన్‌లో స్కానింగ్ యాప్, విద్యార్థులు సొంత లాగిన్‌తో చేరిన గూగుల్ క్లాస్‌రూమ్ ఉంటే పని సక్రమంగా జరుగుతుంది.

మొదట హక్కు మిగిలి ఉందో లేదో చూడండి. రచయిత జీవితకాలంలో అచ్చయిన రచనకు ఆయన మరణించిన తరువాతి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1953లో కన్నుమూశారు కనుక, ఆయన బతికుండగా వెలువడిన రచనల హక్కులు 2013తో ముగిశాయి. కొత్త ముద్రణలోని పీఠిక మాత్రం వేరొకరిది కావచ్చు. ఆ పేజీలు స్కాన్ చేయకండి.

ప్రచురణకర్తే ఉచితంగా ఉంచిన వ్యాసమైతే లింకు మాత్రమే ఇవ్వాలి. సవరణలు జరిగినా విద్యార్థికి సరైన ప్రతే అందుతుంది కాబట్టి పీడీఎఫ్ కంటే లింకే మేలు.

అసలు జాగ్రత్త హక్కు ఉన్న పుస్తకంతోనే. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని ప్రతి తీసుకోవడాన్ని ఉల్లంఘనగా పరిగణించదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని జిరాక్స్ దుకాణంపై ప్రచురణ సంస్థలు వేసిన దావాలో 2016లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం, ఎన్ని పేజీలన్నది కాదు, బోధనకు అవి అవసరమా అన్నదే కొలమానమని చెప్పింది.

ఈ తీర్పును చూపి అంతా చెల్లుతుందనుకోవడమే నేను తరచూ చూసే పొరపాటు. ఆ వివాదం కాగితపు ప్రతుల గురించి. పైగా ఆ మినహాయింపు ప్రతి తీయడానికి సంబంధించినది; రచనను లోకమంతటికీ అందుబాటులో పెట్టడం 14వ సెక్షన్‌లో వేరే హక్కు. అందువల్ల జాగ్రత్త కోసం నేను పెట్టుకున్న హద్దు ఇది: పంచే భాగం ఒక అధ్యాయానికి మించకూడదు, తరగతి దాటకూడదు. ఫైలు మొదట పుస్తకం ముఖపత్రం, ప్రచురణ వివరాల పేజీ తప్పక ఉండాలి.

ఫైలు ఉంచే గూగుల్ డ్రైవ్‌లో ‘లింకు ఉన్న ఎవరైనా’ అన్న అమరికను ఎంచుకోకండి. నేను ఒకసారి ఎంచుకున్నాను. రెండు నెలల తరువాత బస్టాండు పక్కన జిరాక్స్ దుకాణంలో, మార్జిన్‌లో నా పెన్సిల్ గీతలతో సహా, అదే అధ్యాయం స్పైరల్ బైండింగ్‌తో అమ్మకానికి కనిపించింది. ఇప్పుడు విద్యార్థుల ఈమెయిళ్లను ఒక్కొక్కటిగా చేరుస్తాను. సెమిస్టర్ పరీక్షలు ముగిసిన రోజే ఫైలు తొలగిస్తాను.